లొకేషన్ ఆన్ చేస్తే నడిసముద్రంలో నెట్ వస్తుందా?

"ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేస్తే నడిసముద్రంలోనూ నెట్ ఉన్నట్టే. చాలకపోతే బూస్టర్ బిగించుకోండి, లేదా గల్ఫ్ నుంచి శాటిలైట్ ఫోన్ తెప్పించుకోండి. వైర్‌లెస్ సెట్టుతో ఇక పనిలేదు." జూన్ 14తో వేట నిషేధం ముగిసి బోట్లు కదిలేసరికి జువ్వలదిన్నె, కృష్ణపట్నం వైపు ఫోన్లన్నిటికీ ఈ మెసేజ్ వచ్చేసింది.

ఇందులో నిజం ఒక్క ముక్క: లొకేషన్ సముద్రంలోనూ పనిచేస్తుంది. దానికి నెట్ అక్కర్లేదు కాబట్టే పనిచేస్తుంది! సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తునున్న జీపీఎస్ ఉపగ్రహాలు పంపే సంకేతాన్ని ఫోన్ వింటుంది, తిరిగి ఏమీ పంపదు. రేడియోలో వార్తలు విన్నట్టు. మీరెక్కడున్నారో మీకు తెలుస్తుంది గానీ ఇంట్లోవాళ్లకు తెలియదు. మా మామ సరంగు, అంటే బోటు నడిపేవాడు. ఒకసారి వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టి వేటకు పోయాడు. సిగ్నల్ పోయినచోటే ఆ చుక్క ఆగిపోయింది. బోటు ఆగిపోయిందేమోనన్న టెన్షన్‌తో మా అత్త ఆ రాత్రంతా కన్ను మూయలేదు.

ఇక టవర్. భూమి గుండ్రం కదా, 40 మీటర్ల టవర్ సిగ్నల్ నీటికి 3 మీటర్ల ఎత్తులో ఉన్న ఫోన్‌కు నేరుగా అందేది లెక్క ప్రకారం 33 కిలోమీటర్ల దాకే. మామూలు 2జీకైతే 35 కిలోమీటర్ల హద్దు దాని తయారీలోనే ఉంది. ఐదారు రోజులు బోటు మీదే వండుకుని తినేవాళ్లు మొదటి రోజే ఆ హద్దు దాటేస్తారు. బూస్టర్ ఉన్న సిగ్నల్‌ను పెంచుతుంది, లేనిదాన్ని పుట్టించదు. అనుమతి లేకుండా పెడితే నేరం కూడా.

శాటిలైట్ ఫోనా? థురాయా, ఇరిడియం కంపెనీల శాటిలైట్ ఫోన్లు అనుమతి లేకుండా వాడటం మన దేశంలో నిషిద్ధం. కోస్ట్‌గార్డ్ తనిఖీలో దొరికారంటే చేపలకంటే ముందు మీరే ఒడ్డుకొస్తారు.

వైర్‌లెస్ వద్దనడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చే సలహా. వైర్‌లెస్ సెట్టులో ఆపదప్పుడు పిలిచే వీహెచ్‌ఎఫ్ 16వ ఛానెల్‌లో కేకేస్తే టవర్ లేకుండానే చుట్టుపక్కల బోట్లన్నీ ఒకేసారి వింటాయి. ఫోన్ ఆ పని చేయలేదు.

ఉపగ్రహం ద్వారా ఒడ్డుతో మాట కలపాలంటే చట్టబద్ధమైన దారి ఉంది. 2024 ఆగస్టు 30న మొదలైన పథకం కింద లక్ష పడవలకు ఇస్రో సాంకేతికతతో చేసిన ట్రాన్స్‌పాండర్లు పెడుతున్నారు. చిన్న మెసేజ్‌లు అటూ ఇటూ పోతాయి. రీల్స్ రావు. మత్స్యశాఖ ఆఫీసులో అడగండి. ఒడ్డు దగ్గర సిగ్నల్ ఉన్నంతసేపూ కోస్ట్‌గార్డ్ నంబరు 1554.