కామా మీద కేసు

పాత సీ ప్రాజెక్టు సోర్సు దించుకుని, కాన్ఫిగర్ అనే షెల్ స్క్రిప్టును తయారుచేసే ఆటోరీకాన్ఫ్ నడిపితే కిక్కురుమనదు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ఆహా అనుకుని కాన్ఫిగర్ నడపగానే, ఎక్కడో నాలుగు వేల చిల్లర లైను దగ్గర షెల్ గగ్గోలు పెడుతుంది: ‘గ్లిబ్ అనే లైబ్రరీ పేరు పక్కన కామా ఏమిటి? సింటాక్స్ ఎర్రర్!’

ఇక అందరూ కామా మీద పడతారు. జూనియర్ దాన్ని తీసేస్తాడు. సీనియర్ వచ్చి మళ్ళీ పెట్టి, చుట్టూ కొటేషన్లు తగిలిస్తాడు. దారినపోయే మూడో ఆయన బాష్ అనే ఆ షెల్ వెర్షన్ పాతదని తేల్చేస్తాడు. ఇంతమంది చెయ్యి చేసుకుంటున్నది కాన్ఫిగర్ ఫైలు మీద. అది యంత్రం రాసిన ఫైలు. ఇంకోసారి ఆటోరీకాన్ఫ్ నడిస్తే ఈ మరమ్మతులన్నీ గంగపాలే.

పాపం, కామా ఏ పాపమూ ఎరగదు. ఆ లైనులో షెల్ కోడు ఉండాలి. ఉన్నదేమో పీకేజీ_చెక్_మాడ్యూల్స్ అనే మాక్రో (విప్పితే షెల్ కోడుగా మారాల్సిన పొట్టి పేరు), చెక్కుచెదరకుండా. దాని నిర్వచనం పీకేజీ.ఎం4 అనే ఫైల్లో ఉంటుంది. మాక్రోలను విప్పే ప్రోగ్రాం ఎం4, 1977 నాటి పెద్దమనిషి. తెలిసిన పేరైతే విప్పుతుంది, తెలియకపోతే నోరెత్తకుండా ఉన్నదున్నట్టు అవతలికి పంపేస్తుంది. ఏసీ_, ఏఎం_ పేర్లు అలా మిగిలిపోతే, ఎం4 చేత కాన్ఫిగర్ రాయించే ఆటోకాన్ఫ్ పట్టుకుంటుంది. పీకేజీ_ పేర్లను పట్టుకోమనే ఆదేశం మాత్రం పీకేజీ.ఎం4లోనే ఉంది! తప్పిపోయినవాడే స్టేషనుకొచ్చి ‘నేను కనబడటం లేదండీ’ అని కంప్లయింటు రాసివ్వాలన్నమాట.

ఏ ప్యాకేజీ పెట్టాలన్నది మాక్రో పేరు మొదటి అక్షరాల్లోనే ఉంటుంది. పీకేజీ_ అయితే పీకేజీ-కాన్ఫిగ్ ప్యాకేజీ, ఎల్‌టీ_ అయితే లిబ్‌టూల్, ఏఎక్స్_ అయితే చాలావరకు ఆటోకాన్ఫ్-ఆర్కైవ్. ఏఎం_గ్నూ_గెట్‌టెక్స్ట్ చూసి, ఏఎం_ అంటే ఆటోమేక్ కదా అని దానికోసం పరుగెత్తేరు, అది గెట్‌టెక్స్ట్ వారి సంతానం. ప్యాకేజీ పెట్టాక, పాత ఫలితాలు దాచుకున్న ఆటోఎం4టీఈ.క్యాష్ డైరెక్టరీ తీసేసి, ‘ఆటోరీకాన్ఫ్ -ఎఫ్ఐ’ నడపాలి.

ప్యాకేజీ ఉన్నా మాక్రో దొరకలేదా? ఎవరో ఆటోమేక్‌ను సొంతంగా బిల్డ్ చేసి /యూఎస్ఆర్/లోకల్ కింద పెట్టుంటారు. దానితో వచ్చే, మాక్రో ఫైళ్ళను వెతికి తెచ్చే ఏలోకల్ ఆ /యూఎస్ఆర్/లోకల్ కిందున్న షేర్/ఏలోకల్‌లో మాత్రమే వెతుకుతుంది, పీకేజీ.ఎం4 ఏమో /యూఎస్ఆర్/షేర్/ఏలోకల్‌లో కూర్చుని ఉంటుంది. ‘ఏలోకల్ --ప్రింట్-ఏసీ-డిర్’ అంటే గుట్టు బయటపడుతుంది. ఏలోకల్_పాత్ వేరియబుల్‌లో రెండో దారి చెబితే సరి.

మనుషులు రాసే మూల ఫైలు కాన్ఫిగర్.ఏసీలో, ఫలానా పేర్లు మిగిలిపోకూడదని చెప్పే ఎం4_ప్యాటర్న్_ఫర్బిడ్‌కు పీకేజీ_చెక్_ అనే మొదలును ముందే అప్పగిస్తే, అరుపు ఆటోరీకాన్ఫ్ దగ్గరే, సరైన లైను నంబరుతో వస్తుంది.

దీనికి తోబుట్టువు, మిగిలిపోయినా ఫర్వాలేదనే ఎం4_ప్యాటర్న్_అలౌ ఉంది చూశారూ, దాంతో జాగ్రత్త. ఏసీ_ పేరు దొరకనప్పుడు ఎర్రర్ మెసేజే ‘ఈ పేరు సక్రమమైనదైతే దీన్ని వాడండి’ అని సలహా ఇస్తుంది. ‘అయితే’ అన్న ముక్క ఎవరు చదువుతారు? వాడగానే ఎర్రర్ మాయం, మాక్రో మాత్రం రాదు. పేరు పక్కన బ్రాకెట్లు లేని మాక్రో అయితే షెల్ ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అని గొణుక్కుంటూ ముందుకు సాగి, కాన్ఫిగర్‌ను దర్జాగా ముగించేస్తుంది. తిట్లు తినే వంతు అప్పుడు, తర్వాత బిల్డ్ చేసే మేక్‌ది.