టవలుకి లెక్కుంది, నగకి లేదు

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ లాడ్జీ గదిలో దిగగానే తలుపు వెనక ఒక రేకు బోర్డు దర్శనమిస్తుంది. దాన్ని నిలబడి, వీలైతే చెప్పులు విప్పి చదవాలి. గోడలకు మేకులు కొట్టరాదు. గదిలో ఇస్త్రీ పెట్టె వాడరాదు. మద్యపానం, జూదం నిషేధం (ఈ వాక్యం దగ్గర్లోనే ఒక ఓపెనరు దారానికి వేలాడుతూ ఉంటుంది, అది వేరే సంగతి). బయటకు వెళ్ళునప్పుడు తాళం కౌంటరులో ఇచ్చి వెళ్ళవలెను. ఆఖర్న, ఎర్ర రంగుతో: విలువైన వస్తువులకు యాజమాన్యం వారు బాధ్యులు కారు.

ఎంత నిజాయితీ చూడండి. మందుల షాపువాడు ‘మాత్ర పనిచేస్తే మీ అదృష్టం’ అని బోర్డు పెట్టడు. ఆర్టీసీ బస్సు మీద ‘గమ్యానికి మేము బాధ్యులం కాము’ అని రాయరు, మనసులో ఉన్నా రాయరు. లాడ్జీవాళ్ళు మాత్రం డబ్బులు ముందే తీసుకుని, తర్వాత గదిలోకి పంపించి, తలుపు వేసుకున్నాక చెబుతారు.

అలాగని యాజమాన్యం వారికి బాధ్యత అంటే తెలియదనుకోకండి. ఖాళీ చేసే రోజు చూడాలి వాళ్ళ బాధ్యత. మనం సంచులతో కౌంటరు ముందు నిలబడి అడ్వాన్సు అడగ్గానే మేనేజరు తల ఎత్తకుండా “ఒరే, 204 సూసి రా” అంటాడు. కుర్రాడు పైకి పరిగెడతాడు. టవళ్ళు ఉన్నాయా, దుప్పటి ఉందా, బకెట్టు, మగ్గు, టీవీ రిమోటు, రిమోటు వెనక మూత. ఆ మూత మనం దిగకముందు నుంచే లేదు, రబ్బరు బ్యాండు వేసి ఉంది, అయినా మనల్నే అడుగుతారు. మెట్ల మీంచి “ఓకే సార్” అని కేక వినిపించేదాకా మనం ఎంత పెద్దమనుషులమైనా టవలు దొంగలమే. ఉతికి ఉతికి గాజుగుడ్డలా అయిపోయిన ఆ టవలుకి తనిఖీ ఉంది, సాక్షి ఉన్నాడు, పోతే రేటు కూడా ఉంది. మన నగకి బోర్డు ఉంది.

ఇక ఆ తాళం సంగతి. కౌంటరులో ఇచ్చి వెళ్ళవలెను కదా, ఇస్తాం. మేనేజరు వెనక గోడకి నంబర్ల వరసలో మేకులు (కొట్టరాదన్నది మనకే), మేకులకి తాళాలు. ఏ మేకుకి తాళం వేలాడితే ఆ గదిలో మనిషి లేడని ఎదురుగా టీ తాగుతున్నవాడికి కూడా తెలిసిపోతుంది. దొంగకి ఇంత చక్కటి పట్టిక జిల్లా కలెక్టరు కూడా తయారు చేయించలేరు. ఇంటికి తాళం వేసి ఊరెళ్తే మన రాష్ట్రంలో పోలీసులకి ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు ఉంది, ముందుగా చెబితే ఇంట్లో కెమెరా పెట్టి కనిపెట్టుకుని ఉంటారు. అంటే నగలన్నీ పట్టుకుని మనం పెళ్ళికి వచ్చేస్తే అక్కడ ఖాళీ బీరువాకి కెమెరా, ఇక్కడ నిండు సంచికి గడియ సరిగ్గా పడని తలుపు.

పెద్ద హోటళ్ళలో బీరువాలో బుల్లి ఇనప్పెట్టె పెడతారు, నాలుగంకెల కోడు. మనం ఆ కోడు మర్చిపోతే హోటలాయన వచ్చి నిమిషంలో తెరిచేస్తాడు, మనం సంతోషించి థాంక్స్ కూడా చెబుతాం, ఆయన ఎలా తెరిచాడని మాత్రం అడగం. కార్డు తాళాలూ అంతే. 2024 మార్చిలో సాఫ్లోక్ అనే రకం కార్డు తాళాల్లో లోపం ఉందని భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. ప్రపంచమంతా కలిపి 30 లక్షలకు పైగా తలుపులకి అవేనట. మన లాడ్జీ ఇత్తడి తాళాన్ని హ్యాక్ చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. దానికి హెయిర్ పిన్ను చాలు.

విలువైన వస్తువంటే బంగారం ఒక్కటే కాదు కదా. దిగగానే ఆధార్ జెరాక్సు తీసుకుంటారు. 2022 మే 27న, ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ బెంగళూరు కార్యాలయం, ఆధార్ వాడుకునే లైసెన్సు లేని హోటళ్ళు, సినిమా హాళ్ళు ఆధార్ కాపీలు తీసుకోకూడదని ప్రకటన ఇచ్చింది. జనం అదేంటి ఇన్నాళ్ళూ ఇచ్చేశాం కదా అని గుండె మీద చెయ్యి వేసుకునేలోపు, 29న ఆ ప్రకటనే వెనక్కి తీసుకున్నారు. తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉందట. మన కాపీలు మాత్రం ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. వాటి వెనక వైపు టిఫిన్ లెక్కలు రాసుకుంటున్నారు.

ఈ ‘బాధ్యులు కారు’ మీద చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 151వ సెక్షను, భద్రం చేయమని అప్పగించిన వస్తువుని మామూలు బుద్ధి ఉన్న మనిషి తన సొంత వస్తువుని చూసుకున్నట్టు చూసుకోవాలంటుంది. అంటే టవలుని చూసుకున్నట్టు. 1998లో ఢిల్లీలో ఒకాయన స్టార్ హోటల్‌కి వెళ్ళి కారు తాళం హోటల్ మనిషి చేతికిచ్చాడు. ఆయన బయటికొచ్చేసరికి కారు లేదు, ఇంకెవరో నడుపుకుంటూ పోయారు. హోటల్‌వాళ్ళు పార్కింగ్ చీటీ చూపించి, ‘ఓనరు రిస్కు’ అని రాసి ఉంది కదా అన్నారు. అలా రాసినంత మాత్రాన తప్పించుకోలేరు, జాగ్రత్తగా చూశామని మీరే రుజువు చేసుకోవాలి అని సుప్రీంకోర్టు తేల్చింది, 2019లో. బ్యాంకు లాకర్ల విషయంలోనూ ఇదే పాట నడిచింది. ఆఖరికి రిజర్వు బ్యాంకు, 2022 జనవరి నుంచి దొంగతనం జరిగినా ఉద్యోగి మోసం చేసినా ఏడాది లాకరు అద్దెకి వంద రెట్లు కట్టే బాధ్యత బ్యాంకుదేనని తేల్చింది. మన 1200 రూపాయల గదికి ఆ లెక్క కట్టి చూడండి, యాజమాన్యం వారు రాత్రంతా తలుపు ముందు మంచం వేసుకుని పడుకుంటారు.

కాకపోతే ఒక మెలిక ఉంది. గదిలో మనం ఎక్కడో దాచుకున్నది వేరు, వాళ్ళ చేతికి అప్పగించి రసీదు తీసుకున్నది వేరు. రసీదు ఉంటే ఇచ్చామన్న రుజువు మన చేతిలో ఉన్నట్టు. ఆ రసీదు అడిగితే ఏమవుతుందో చెబుతాను.

మొన్న ముహూర్తాల రోజుల్లో టెక్కలి వైపు నుంచి మగపెళ్ళివారం వచ్చి విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర్లో ఒక లాడ్జీలో దిగాం. పెళ్ళి రాత్రి రెండు దాటాక. పెళ్ళికూతురికి పెట్టాల్సిన నగలు మా పెద్దమ్మ చేతిసంచిలో ఉన్నాయి, ఆ సంచి పొద్దుటినుంచి ఆవిడ చంక దిగలేదు, స్నానానికి వెళ్ళాలంటే దాన్ని ఎవరికివ్వాలన్నది పెద్ద టెన్షన్. చదువుకున్నవాడని మా బావని కిందకి పంపారు.

“నగలు మీ దగ్గర పెడతాం, రసీదు ఇస్తారా?”

“రసీదేటి బాబూ?” అన్నాడు మేనేజరు, నిజంగానే నొచ్చుకుని. “మనమీద నమ్మకం నేదేటి? నా సొరుగులో ఎట్టండి. నానీడే ఉంటాను గదా.”

సొరుగు లాగి చూపించాడు. అగరొత్తుల కట్ట, ఆధార్ జెరాక్సులు, ఎవరివో కళ్ళద్దాలు, బిళ్ళ ఊడిన తాళాలు. దీనికి తాళం ఏదని బావ అడిగితే “అందులోనే ఎక్కడో ఉంది” అన్నాడు. రాత్రి మీరు ఉండరు కదా అంటే “నైట్ కుర్రోడొస్తాడు, ఆడూ మనోడే” అన్నాడు. మరి పోతే? దానికి నోటితో జవాబు చెప్పలేదు, గోడ మీది బోర్డు వైపు గడ్డం ఎత్తాడు.

బావ సంచితో పైకి వచ్చేశాడు. పైన సభ కూడింది. అన్నీ ఒకేచోట పెడితే అన్నీ ఒకేసారి పోతాయి కాబట్టి విడివిడిగా దాచాలని బావ సిద్ధాంతం. గాజులు మాసిన సాక్సుల్లోకి వెళ్ళాయి. చెవిదిద్దులు దిండు గలీబులోకి. ఫ్లష్ ట్యాంకులో పెడదామని మావయ్య అంటే, పెళ్ళికూతురి మెళ్ళో వేసేదిరా అది అని పెద్దమ్మ ఆయన మీద విరుచుకుపడింది. ఎవరు ఎక్కడ దాచారో ఇంకొకరికి మాత్రమే చెప్పాలి, మూడోవాళ్ళకి తెలియకూడదు. హారం దాచింది పిన్ని. ఆవిడ చెప్పింది తాతయ్యకి. ఆయనకి చెవుడు.

అర్ధరాత్రి అందరూ పట్టుచీరలు కట్టుకుని, పువ్వులు పెట్టుకుని, వ్యాను కింద హారన్ కొడుతుంటే హారం కనబడలేదు. జంతికల డబ్బా అడుగున పెట్టాను కదా అంటుంది పిన్ని, ఆ డబ్బాయే లేదు. పరుపు ఎత్తారు, సంచులు గుమ్మరించారు, గీజరు మీద టార్చి వేశారు. ఏదీ అని అందరూ తాతయ్యని పట్టుకుంటే, “ఎల్దాం పదండి, నాకు ఆకలేస్తంది” అన్నాడాయన.

అప్పుడు మేనేజరు పైకి వచ్చాడు. బోర్డు ప్రకారం దేనికీ బాధ్యుడు కాని ఆ మనిషి, గుమ్మంలో నిలబడి చూసి, కనీసం ఏం పోయిందని అడగకుండానే తేల్చేశాడు. “మద్దేనం ఊడ్సిన మనిషుంది గదా, దాన్ని పిలిపిస్తాను.”

ఇంట్లో నిద్రపోతున్న ఆవిడని ఆ వేళప్పుడు బండి మీద ఎక్కించుకుని తెచ్చారు. జుట్టు ముడి వేసుకుంటూ మెట్లెక్కి వచ్చింది. “నాను ఊడ్సి ఎల్పోనాను బాబూ, నాకేటి తెల్దు” అంటూనే ఉంది, అంటుండగానే ఆవిడ సంచి మంచం మీద బోర్లించారు. అందులో టిఫిన్ బాక్సు, ఒక దువ్వెన, మాత్రల చీటీ. కొంగు దులపమన్నారు, దులిపింది. మా వాళ్ళలో ఒక్కరు, ఇంత పట్టు కట్టుకున్నవాళ్ళలో ఒక్కరు, వద్దండీ అనలేదు. ఇంతలో వ్యాను డ్రైవరు జంతికల డబ్బా పట్టుకుని వచ్చాడు. ఎవరో ఆయనకి తినమని ఇచ్చారట. “అడుగున ఏదో ఉందండీ” అని డబ్బా చేతిలో పెట్టి, హారం వైపు మళ్ళీ చూడకుండా దిగిపోయాడు. అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకుని వ్యానెక్కేశారు. ఆవిడ మంచం మీది దువ్వెన, మాత్రల చీటీ ఏరుకుంటూ ఉండిపోయింది.

ఏం బతుకయ్యా ఇది? వస్తువుకి బాధ్యత లేదని రేకు మీద రాయించుకున్న యజమానికి, ఒక మనిషిని నిద్రలేపి తెచ్చి కొంగు దులిపించే అధికారం ఎవడిచ్చాడు? తాళం నువ్వు తీసుకుంటావు, మారు తాళం నీ దగ్గరే, సొరుగు నీది, నైట్ కుర్రాడు నీ వాడు, అద్దె నీ జేబులోకి. నేరం మాత్రం చీపురు పట్టుకున్న మనిషిదా? ఇన్ని చేతులు ఆ తాళం మీద పడుతుంటే అనుమానం ఎప్పుడూ అందరికంటే తక్కువ జీతం ఉన్న చేతి మీదే ఎందుకు పడుతుంది? ఆవిడ సంచిలో ఆ రాత్రి హారం దొరకలేదు కాబట్టి సరే. డ్రైవరు జంతికలన్నీ తినకుండా డబ్బా మూసి ఇంటికి పట్టుకుపోయి ఉంటే? ఆవిడ ఉద్యోగం పోయేది, స్టేషనుకి లాక్కెళ్ళేవాళ్ళు, యాజమాన్యం వారు మర్నాడు పొద్దున్న తలుపులు తీసి ఇంకో పెళ్ళివారికి అదే గది ఇచ్చేవారు. మా వాళ్ళు తక్కువ తిన్నారని కాదు. పెద్దమ్మకి ఫోన్ చేసి ఆవిడకి క్షమాపణ చెప్పి రమ్మంటే “పోన్లేరా, దొరికిందిగా” అంది. దొరికింది హారం.

సరే, పనికొచ్చే మాట చెబుతాను. వినియోగదారుల కమిషన్లు విజయనగరంలోనూ ఉన్నాయి, శ్రీకాకుళంలోనూ ఉన్నాయి. మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకి రుసుం లేదు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. లాడ్జీ అద్దె 5 లక్షలు దాటదు లెండి, రథసప్తమి రోజు అరసవల్లిలో తప్ప. దిగేటప్పుడే నగలు కౌంటరులో ఇచ్చి, ఏమేం ఇచ్చామో రాయించి, సంతకం పెట్టించండి. రసీదేటి బాబూ అంటే, రసీదు పుస్తకం లేదా అని అడగండి. మూడు లాంతర్ల దగ్గర ఏ స్టేషనరీ షాపులోనైనా దొరుకుతుంది. యాజమాన్యం వారికి అంత కష్టంగా ఉంటే చెప్పమనండి, కార్బన్ పేపరుతో సహా నేనే కొనిస్తాను, దానికి రసీదు కూడా అక్కర్లేదు.