సవరణ: విక్టోరియా పబ్లిక్ హాల్ గురించి

చెన్నైలోని విక్టోరియా పబ్లిక్ హాల్ మరమ్మతుల గురించి రాసిన పోస్టులో, ఆ హాలును విజయనగరం మహారాజా సొంత డబ్బుతో కట్టించారని చెప్పాను. అది తప్పు.

1883లో పునాదిరాయి వేసింది ఆయనే, పూసపాటి ఆనంద గజపతిరాజు. విరాళమూ ఇచ్చారు. కానీ కట్టడం లేచింది చందాలతో: సంస్థానాధీశులు, జమీందార్లు, ఊరి పెద్దలు తలా ఇంత వేసుకున్నారు. నమూనా వాస్తుశిల్పి రాబర్ట్ చిషోమ్‌ది, కట్టించిన కాంట్రాక్టరు నంబెరుమాళ్ చెట్టి. విక్టోరియా రాణి స్వర్ణోత్సవం సందర్భంగా ఆ పేరు పెట్టారు. హాలు చరిత్ర మీద వచ్చిన వ్యాసాలను, పత్రికల కథనాలను సరిచూసుకుని ఇది రాస్తున్నాను.

ఇంకోటి. అదే పోస్టులో "సముద్రపు గాలి" అని రాసినందుకు కొందరు హాలు మెరీనా ఒడ్డున ఉందనుకున్నారు. అది సెంట్రల్ స్టేషన్ దగ్గర, రిప్పన్ బిల్డింగ్ పక్కన ఉంది. నేను చెప్పింది ఊరంతా ఉండే ఉప్పు తేమ గురించి. పాత ఇటుక గోడ మీద సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే చిక్కుకుంటుంది, కొన్నాళ్లకు ఇటుక పైపొర పొడిపొడిగా రాలుతుంది. సున్నం గార అయితే తేమను బయటికి వదిలేస్తుంది. అందుకే ఇలాంటి కట్టడాలకు సున్నమే వాడాలని అంత గట్టిగా రాశాను, ఆ మాట మాత్రం మార్చుకోను.

మన తెలుగువాళ్లకు ఈ హాలుతో ఉన్న బంధమేమీ తగ్గదు. సుగుణ విలాస సభ అనే నాటక సంస్థ నాటకాలు ఆడింది ఇక్కడే, మన తెలుగు నటుడు బళ్లారి రాఘవ ఆ సభ నటుడే. పాత పోస్టులో మహారాజా సొంత డబ్బు గురించిన వాక్యం సరిచేశాను. ఇప్పటికే షేర్ చేసినవాళ్లు దీన్ని కూడా పంపండి.