మంగళహారతి వేళ రాని కాలు

సత్యనారాయణ వ్రత కథ ఐదు అధ్యాయాలు. పంతులుగారు తీరిగ్గా చదివితే గంట దాటుతుంది. అంతసేపూ పెద్దల్లుడుగారు, కదిలితే భక్తి చాలదనుకుంటారేమోనని, పీట మీద బాసిపట్లు వేసుకుని బొమ్మలా కూర్చున్నారు. ఆఖరి కొబ్బరికాయ పగిలింది. "లేవండి బాబూ, హారతి" అన్నారు పంతులుగారు. అల్లుడుగారు లేచారు. కుడికాలు లేవలేదు.

లేవలేదంటే కాలికి అన్యాయం. తొడ లేచింది, మోకాలు చాపుకుంది. పాదం ముందు భాగం మాత్రం నీళ్లు లేని తోటకూర కాడలా వేలాడింది. బొటనవేలు పంచె అంచులో చిక్కుకుంది.

మోకాలికి బయటవైపు, కాస్త కిందుగా తడిమితే చిన్న ఎముక బుడిపె తగులుతుంది. దాని కిందుగా ఎముకను చుట్టుకుని ఒక నరం ముందుకు పోతుంది. పైన చర్మం, పలచటి కొవ్వు తప్ప దానికి వేరే కాపలా లేదు. పాదాన్ని పైకెత్తే కండరానికి కబురు అందేది ఆ దారినే. గంటసేపు పీట అంచు నొక్కింది సరిగ్గా అక్కడే.

మెదడు తన పని తాను చేసింది. కాలి వ్యవహారం చూసే చోటు నడినెత్తి కింద, రెండు అర్ధగోళాల మధ్య చీలికలో ఉంటుంది. కుడికాలి పెత్తనం ఎడమ మెదడుది. ఆజ్ఞ అక్కడ బయల్దేరి, మెడకు కాస్త పైన అవతలి పక్కకు దాటి, వెన్నుపాము వెంట నడుము దాకా దిగి, పిరుదు కిందుగా మోకాలికి చేరింది. కాలి కండరం దాకా మొత్తం ప్రయాణం దాదాపు సెకనులో ముప్పయ్యో వంతు. ఈసారి మోకాలి పక్కన గేటు వేసి ఉంది.

అసలు చిక్కు తిరుగు టపాలో వచ్చింది. పాదం ఎక్కడుంది, నేల తగిలిందా అని చిన్నమెదడు ప్రతి అడుక్కీ ఆరా తీస్తుంది. అక్కణ్ణుంచి జవాబు అరకొరగానే వచ్చింది. కళ్లతో చూసుకుంటే కొంత గట్టెక్కేవారేమో, కళ్లేమో హారతి మీద ఉన్నాయి.

పడుతున్నామని లోపలి చెవి పసిగట్టింది. ఆయన "అయ్యో" అనుకునేలోపే చేతులు విసురుగా లేచాయి. అలాంటప్పుడు చెయ్యి బంధుత్వాలు చూడదు, దొరికింది పట్టుకుంటుంది. దొరికింది తోడల్లుడి కండువా. ఆయనా గంట నుంచి బాసిపట్లలోనే ఉన్న మనిషి. ఇద్దరి మోచేతులూ కలిసి ప్రసాదం పళ్లెంలోకి దిగాయి.

"షుగరేమో" అన్నారొకరు. "రక్తం ఆగిపోయింది" అన్నారు ఇంకొకరు. ఆగింది కాలి రక్తం కాదు. నలిగింది నరం, దాంతోపాటు దాన్ని పోషించే సన్నటి రక్తనాళాలు. ఒత్తిడి తీసేశాక ఆ నరం ఎవరూ అడక్కుండానే కబుర్లు పంపడం మొదలెడుతుంది. వాటిని మెదడు చీమలనీ సూదులనీ చదువుకుంటుంది. సరిగ్గా అప్పుడే బామ్మగారు ప్రేమకొద్దీ అరికాలు మీద ఫట్‌ఫట్‌మని కొట్టారు. అల్లుడుగారి కేక వంటింటిదాకా వినిపించింది.

పీట మీద మడతపెట్టిన దుప్పటి వేసుకుని, అధ్యాయానికోసారి కాలు మార్చుకుంటే సత్యదేవుడేమీ అనుకోడు. లేచేముందు కాళ్లు చాపి, పాదాన్ని పైకీ కిందికీ పది పదిహేనుసార్లు ఆడించాలి. తనంతట అది ఆడకపోతే చేత్తో ఆడించాలి. ఒకటి రెండు నిమిషాలాగి, ఏదో ఒకటి పట్టుకుని, పాదాన్ని చూసుకుంటూ మొదటి అడుగు వెయ్యాలి. అరగంటైనా పాదం వేలాడుతూనే ఉంటే డాక్టరుకు చూపించాలి. ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యి కూడా పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా అది తిమ్మిరి కాదు, పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

"మా అల్లుడుగారికి కింద కూర్చునే అలవాటు లేదమ్మా" అంటూ అత్తగారు కుర్చీ వేయించారు. ఆయన దర్జాగా కాలు మీద కాలు వేసుకున్నారు. పైనున్న కుడికాలి బుడిపె పక్క నరం, కింది మోకాలి మీద ఆనింది. అవతల విస్తళ్లు వేస్తున్నారు. ఇంకో అరగంటలో పిలుపు.