ఢిల్లీ గడప కన్నా ముందే సాయం అందాలి

"సుప్రీంకోర్టుకైనా వెళ్తాను" అని పంతం పట్టే రైతులు టెక్కలి, పలాస వైపు ఏ ఊళ్లోనైనా కనిపిస్తారు. ఆ దారి ఎలా ఉంటుందో వాళ్లకు చెప్పేవాళ్లే తక్కువ.

హైకోర్టులో ఓడిన చాలా కేసుల్లో సుప్రీంకోర్టుకు వెళ్లడం హక్కు కాదు. రాజ్యాంగం 136వ అధికరణ కింద ప్రత్యేక అనుమతి అడగాలి. తీర్పు వచ్చిన 90 రోజుల్లోపు ఆ అనుమతి కోరే పిటిషన్, అంటే ఎస్‌ఎల్‌పీ వేయాలి. కక్షిదారు స్వయంగా వేసుకుంటే తప్ప, సుప్రీంకోర్టులో అడ్వకేట్ ఆన్ రికార్డ్‌గా నమోదైన లాయర్ ద్వారానే దాఖలు చేయాలి. ఇన్నేళ్లూ కేసు నడిపిన మన ప్లీడరుకు ఆ నమోదు ఉండకపోవచ్చు.

అసలు చిక్కు కాగితాల దగ్గర మొదలవుతుంది. భూమి తగాదాకు ప్రాణం అడంగల్, 1బీ లాంటి రెవెన్యూ రికార్డులు, పాస్‌బుక్, సాక్షుల వాంగ్మూలాలు. అవన్నీ తెలుగులోనే ఉంటాయి. అక్కడ ఇంగ్లిషులోకి మార్చి పెట్టాలి. ఆపై కోర్టు కార్యాలయమైన రిజిస్ట్రీ లోపాలు వెతుకుతుంది: మసకబారిన జిరాక్స్, సంతకం లేని వకాల్తా, తప్పిన పేజీ నంబరు. అవి సరిచేశాకే కేసు బెంచ్ ముందుకు వస్తుంది. ఈలోగా ఇంట్లో టెన్షన్, అప్పు రెండూ పెరుగుతాయి.

తీరా తొలి విచారణ చాలాసార్లు నిమిషాల్లో ముగుస్తుంది, కొట్టేస్తున్నట్టు ఒక్క వాక్యం వస్తుంది. దేశమంతటికీ 34 మంది న్యాయమూర్తులే కాబట్టి ఈ వడపోత తప్పదని మాకూ తెలుసు. కానీ కారణాలు చెప్పకుండా ఎస్‌ఎల్‌పీ కొట్టేసినంత మాత్రాన హైకోర్టు తీర్పు సరైనదని ముద్ర వేసినట్టు కాదని 2000లో కున్హయమ్మద్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ఓడి ఇంటికొచ్చిన మనిషికి ఈ మాట చెప్పేవారేరీ?

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చిన హక్కు. మందస కొండల్లోని సవర గిరిజన మహిళకు ఢిల్లీలో లాయర్‌ను పెట్టడమే కాదు, కాగితాల అనువాదం ఖర్చు కూడా ఆ సాయంలోనే వస్తుంది. అది ఆమెకు 91వ రోజున తెలిస్తే ఏం లాభం? ఆలస్యాన్ని మన్నించమని మరో పిటిషన్ పెట్టుకోవాలి, మన్నిస్తారన్న భరోసా లేదు.

అందుకే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో సుప్రీంకోర్టు అప్పీళ్లకు ప్రత్యేకంగా ఒక గుమస్తా, ఒక అనువాదకుడు ఉండాలని మేం కోరుతున్నాం. హైకోర్టు తీర్పు వచ్చిన వారంలోనే ఆ సంస్థ తరఫున పనిచేసే పారాలీగల్ వాలంటీర్ కక్షిదారు ఇంటికి వెళ్లి గడువు తేదీ చెప్పాలి, కాగితాలు తీసుకోవాలి. వచ్చే బడ్జెట్‌లోనే రాష్ట్ర ప్రభుత్వం దీనికి డబ్బు కేటాయించాలి.