నవ్వుకీ కౌంటు కట్టండి

గోదావరి జిల్లాల్లో కొలత లేకుండా చేతులు మారే సరుకు లేదు. ధాన్యం బస్తా 75 కిలోలు, తేమ 17 శాతం దాటిందంటే పేచీ. రొయ్యకి కౌంటు: కిలోకి వంద తూగితే వంద కౌంటు, నలభై తూగితే నలభై, అంకె తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. అంబాజీపేటలో కొబ్బరికాయ వెయ్యి లెక్కన పోతుంది. ఇంత పద్ధతిగా బతికే డెల్టాలో, పొద్దున్నుంచి రాత్రిదాకా ఆగకుండా అమ్ముడయ్యే ఒక్క సరుక్కి మాత్రం కొలతా లేదు, రేటూ లేదు, బిల్లూ లేదు. అది ఉద్యోగస్తుడి మొహం. ఈ లోటు తీర్చమని ఏలినవారికి ఈ విన్నపం.

1983లో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఈ సంగతి మీద ఏకంగా పుస్తకమే రాసింది. జీతం కోసం మొహాన్నీ, దాని వెనకున్న మనసునీ కూడా పనిలో పెట్టడం శ్రమే కదా అని ఆవిడ వాదన. ఆవిడ పరిశీలించింది డెల్టా అనే విమాన సంస్థలో ఎయిర్‌హోస్టెస్‌లని. విమానాన్ని మీ ఇంటి హాలనుకోండి, ప్రయాణికుణ్ణి ఇంటికొచ్చిన అతిథి అనుకోండి అని అక్కడ శిక్షణలో చెప్పేవారు. దీనికి శిక్షణెందుకో మన డెల్టాలో ఎవరికీ అంతుపట్టదు. గుమ్మంలో మనిషి కనపడితే ‘భోంచేసి వెళ్ళండి’ అనడం ఇక్కడ నేర్పక్కర్లేదు, అనకుండా ఉండటమే నేర్పాలి. పుట్టుకతో వచ్చిన ఆ మర్యాదని మన యజమానులు పైసా పెట్టుబడి లేకుండా కొట్లోకి తెచ్చేసుకున్నారు.

రాజమండ్రి నుంచి భీమవరం దాకా ఏ చీరల కొట్టైనా తీసుకోండి. పిలుపు దగ్గరే సగం బేరం తేలిపోతుంది. నలభై ఏళ్ళావిణ్ణి ‘ఆంటీ’ అన్నారో, ఆవిడ పక్క కొట్లో తేలుతుంది. ‘మేడమ్’ క్షేమమే గానీ రేటు ఎక్కువేమోనన్న అనుమానం పుడుతుంది. ‘అక్కా’కి గిరాకీ ఉంది, కాకపోతే పక్కనున్న వాళ్ళాయన్ని ఆ ఊపులోనే ‘బావగారూ’ అనగలగాలి. ఇక నవ్వు చీర విప్పేటప్పుడు రావాలి, ధర చెప్పేటప్పుడు కాదు. ధరతోపాటు నవ్వితే ‘ఎంతో వేసుకున్నాడు’ అనుకుంటారు. అప్పుడు మొహం కాస్త ఇబ్బందిగా, అమ్మేవాడికే గిట్టనట్టు ఉండాలి.

అసలు పరీక్ష అరవై చీరలు గుట్టపడ్డాక, ‘మళ్ళీ వస్తామండి’ అని వాళ్ళు లేచినప్పుడు. ‘దానికేవుందండీ, చూట్టానికే కదండీ’ అనాలి. ఆ ‘అండీ’లో దీర్ఘం కొలతకి సరిపోవాలి. తగ్గితే విసుగు కింద లెక్క, పెరిగితే ఎటకారం కింద లెక్క. ఎటకారం పోల్చుకోలేని చెవి ఈ జిల్లాల్లో దొరకదు. అందుకే గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమాని లెక్కపెట్టేది నోట్లనే కాదు, దీర్ఘాల్ని కూడా. తర్వాత ఆయన పిలిచి చీవాట్లు పెట్టినా కుర్రాడు ‘ఆయ్’ అనే అనాలి.

ఇందులో ఒక సాంకేతికమైన చిక్కుంది. దాన్ని ఫ్రెంచి వైద్యుడు డ్యూషేన్ 1862లోనే చెప్పాడు. పెదాల కండరాలు మన మాట వింటాయి, కంటి చుట్టూ ఉన్నది వినదు, నిజంగా సంతోషమేస్తేనే ముడుచుకుంటుంది అని. వరలక్ష్మీ వ్రతం ముందురోజు రాత్రి తొమ్మిదింటికి సేల్స్‌మన్ మొహం చూడండి. పెదాలు డ్యూటీలో ఉంటాయి, కళ్ళు మధ్యాహ్నమే రాజీనామా ఇచ్చేసుంటాయి.

పెళ్ళి వడ్డన ఇంతకంటే కష్టం. అక్కడ నవ్వు చాలదు, బాధ కూడా పడాలి. పూర్ణం బూరె పట్టుకుని నిలబడ్డాడు కుర్రాడు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి పెద్దాయన వద్దన్నాడు. మొదటి వద్దు వద్దు కాదు, దానికి చిన్నబుచ్చుకుంటే చాలు. రెండో వద్దుకి ‘ఒక్కటేనండి, మా మాట కోసం’ అని వంగాలి, అప్పటికే బూరె వేళ్ళ మధ్యనుంచి జారుతూ ఉండాలి. మూడో వద్దుకి పెళ్ళికూతురి తండ్రి ఎటు చూస్తున్నాడో ఓరకంట కనుక్కుని, వెయ్యడమో మానడమో తేల్చుకోవాలి. మొదటి వద్దుకే ముందుకెళ్ళిపోతే ‘అడిగిన నాథుడు లేడు’ అని ఆ పెళ్ళి గురించి పదేళ్ళు చెప్పుకుంటారు. నాలుగోసారి కూడా బతిమాలితే నెయ్యి గిన్నె వెనకే ఆగిపోతుంది, రెండో బంతివాళ్ళు వచ్చి కుర్చీల వెనక కాపలా కాస్తారు. ఇంతా చేసి ఆ కుర్రాడు పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఎదుటివాడు బూరె తినలేదని బాధపడాల్సింది మాత్రం వాడే.

అందరూ నవ్వే అమ్ముతారనుకుంటే పొరపాటు. డెల్టాలో దిగులుకే రేటెక్కువ. చెరువుగట్టు మీద రొయ్యలు కొనే ఆయన్ని చూడండి. శాంపిల్‌కి వల విసిరారు, కిలో తూచారు, లెక్కపెట్టారు, కౌంటు బ్రహ్మాండంగా వచ్చింది. ఆయన మొహంలో ఆ సంగతి కనపడకూడదు. ఒక రొయ్యని తీసి రెండు వేళ్ళతో నొక్కి, ‘సాఫ్టుందండి’ అని నిట్టూర్చాలి. రొయ్య పెంకు మార్చే రోజులైతే ఆ నిట్టూర్పుకి ఆధారం దొరుకుతుంది, లేకపోతే సొంతంగా తయారుచేసుకోవాలి. ఫోను చెవిన పెట్టుకుని ‘రేటు పడిపోయిందంటండి’ అనేటప్పుడు రైతుకన్నా తనే ఎక్కువ మునిగినట్టుండాలి. ఇది ఎందుకు పారుతుందంటే, గాదెలో పోసుకుని మంచి రేటొచ్చేదాకా ఆగడానికి రొయ్య ధాన్యం కాదు. పట్టుబడికి దిగాక ఒకపక్క ఐసు కరుగుతుంటుంది, ఇంకోపక్క రాత్రికి చెరువులో ఆక్సిజన్ పడిపోతుందేమోనన్న భయం. అయిదు టన్నుల పట్టుబడి మీద కిలోకి మూడు రూపాయలు తగ్గిస్తే పదిహేను వేలు. ఒక్క నిట్టూర్పుకి!

మిల్లు దగ్గర గింజ కొరికి మొహం చిట్లించే ఆసామిదీ ఇదే విద్య. ‘నూకెక్కువొస్తాదండి’ అనడానికి ఆయనకి తేమ మీటరుతో పనిలేదు. ఫైనాన్సు వసూలు కుర్రాడికి కోపమే పనిముట్టు. హాక్‌షీల్డ్ కూడా ఎయిర్‌హోస్టెస్‌లతో ఆగకుండా బాకీలు వసూలు చేసేవాళ్ళనీ పరిశీలించింది, ఊరికే కాదు.

తేడా ఎక్కడుందంటే, గట్టుమీద దిగులుపడ్డవాడి లాభం వాడి జేబులోకే వెళుతుంది. కౌంటర్లో నవ్వినవాడి లాభం గల్లాపెట్టెలోకి పోతుంది. వాడికి మిగిలేది ఇంటికెళ్ళాక ‘ఊరందరితో నవ్వుతావు, మాతో మాట్లాడవే’ అన్న మాట. బట్టల కొట్లలో రోజంతా నిలబడేవాళ్ళకి కూర్చునే హక్కుని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలో చేర్చాయి. కాళ్ళ సంగతి కనీసం రెండు రాష్ట్రాలు పట్టించుకున్నాయి. దవడల సంగతి ఎవరూ ఎత్తలేదు.

కాబట్టి నవ్వుకీ కౌంటు కట్టాలి. గంటకి పది నవ్వులడిగే కొట్టు పది కౌంటు, వందడిగేది వంద కౌంటు. రొయ్యల్లాగే ఇక్కడా కౌంటు పెరిగేకొద్దీ సరుకు చిన్నదవుతుంది, వందో నవ్వు పళ్ళదాకా కూడా రాదు. రేటు మాత్రం తిరగెయ్యాలి, కౌంటు పెరిగితే కూలీ పెరగాలి. కంటి కండరం కదిలిన నవ్వుకి రెట్టింపు. మింగిన కోపానికి తేమ లెక్క: 17 శాతం దాటితే ఆరబెట్టుకోవడానికి అరగంట విరామం, అదీ కూర్చుని. ‘మళ్ళీ వస్తామండి’కి విప్పిన చీరకింత చొప్పున పరిహారం, మడత కూలీ అదనం. వడ్డనలో మూడు వద్దుల వరకు మామూలు కూలీ, నాలుగో వద్దు నుంచి ఓవర్‌టైం. సర్కారీ ఆఫీసులు దీని పరిధిలోకి రావు, అక్కడ మొహానికి పని పెట్టినట్టు ఎక్కడా దాఖలా లేదు.

యజమానులు దీన్నెలా తిప్పికొడతారో ఊహించడం కష్టమేమీ కాదు. పదకొండు వేల జీతాన్ని తొమ్మిది వేలు చేసి, మిగతా రెండు వేలూ ‘నవ్వు భత్యం’ అని పక్క గడిలో రాస్తారు. మొహం కాస్త ముడుచుకున్న నెల ఆ గడి ఖాళీ. ఆ స్లిప్పు అందుకుంటూ కుర్రాడు ‘థాంక్సండి’ అని నవ్వాలి కూడా. ఆ నవ్వు ఏ నెల లెక్కలోకి వస్తుందో చట్టంలో ముందే రాయించుకోవడం మంచిది.