మాట్లాడితే పాట పాడాలి

ఉదయం ఆటో దొరకలేదు, పాఠ్య ప్రణాళిక ఇంట్లోనే మరిచిపోయాను, రాత్రి పదకొండు దాకా కూర్చుని గీసిన చార్టులేమో బస్సులో నన్ను వదిలి ముందుకు వెళ్లిపోయాయి. మొదటి గంట కొట్టేసరికి నా చేతిలో మిగిలింది ఒక సుద్దముక్క. ఎదురుగా నాలుగో తరగతి, 27 మంది.

చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ సమావేశంలో ఒక శిక్షకుడు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. వైకల్యం ఉన్న పిల్లలకు మిగతావాళ్లతో కలిపి నేర్పే సహిత విద్యకు సామగ్రి అక్కర్లేదు, ముందస్తు తయారీ అక్కర్లేదు, ఐదు నిమిషాల కృత్యం చాలు అన్నారు. ఆ ముక్క చెప్పడానికి ఆయన 84 స్లైడ్లు తయారు చేసుకుని వచ్చారు.

సరే, కృత్యం ఇది. పుట్టిన నెల ప్రకారం వరుసలో నిలబడాలి, నోరు విప్పకూడదు. నెలను వేళ్లతో చూపాలి. జనవరికి ఒకటి, అక్టోబరుకు రెండు చేతులూ, నవంబరుకు పది చూపి మళ్లీ ఒకటి. మాట్లాడినవాళ్లు రేపు ప్రార్థనలో అందరి ముందు పాట పాడాలి. ‘టీచరు కూడానా?’ అని వెనక బల్ల నుంచి ఒక ప్రశ్న వచ్చింది. నరం లేని నాలుక కదా, ‘ఎందుకు పాడను?’ అనేశాను.

మా తరగతిలో వినికిడి తక్కువ ఉన్న ఒక అమ్మాయి ఉంది. ఇక్కడ ఆమెను కెప్టెన్ అందాం. ఆమె చెవి యంత్రంలో బ్యాటరీ అయిపోయి మూడు వారాలైంది. కొత్తవి ఎప్పుడడిగినా ‘దారిలో ఉన్నాయి’. ఏ దారిలోనో చెబితే నేనే ఎదురెళ్లి తెచ్చుకునేదాన్ని. అందరూ నోరు మూసుకునే ఆట రాగానే కెప్టెన్ పగ్గాలు అందుకుంది. చూపు తక్కువ ఉన్న అబ్బాయికి దూరం నుంచి వేళ్లు కనబడవన్న సంగతి నాకు తట్టలేదు. వాడికి తట్టింది. ఎదుటివాళ్ల అరచెయ్యి పట్టుకుని తన నెల ఎంతో అన్నిసార్లు తట్టడం మొదలుపెట్టాడు. శిక్షణ పొందినదాన్ని నేను.

వరుస అనుకున్నది కాస్తా జనవరి దగ్గర జాతర అయింది. తొమ్మిది మంది ఒక్కొక్క వేలు చూపుతూ తోసుకుంటున్నారు. వాళ్ల తప్పు కాదు. ఆధార్‌లో తేదీ తెలియక సంవత్సరం మాత్రమే చెప్పినవాళ్లకు జనవరి 1 పడుతుంది. మా తరానికైతే బడిలో చేర్చుకున్న హెడ్మాస్టరుగారే బ్రహ్మ. ఆయన కలం వాలిన చోటల్లా జూన్, జూలై. సర్టిఫికెట్ ప్రకారం నేను జూన్‌లో పుట్టాను. మా అమ్మ లెక్కలో కనుమ నాడు, గారెల పిండి రుబ్బుతుండగా. నేనెన్ని వేళ్లు చూపాలో తేలక ముందే గుమ్మంలో నీడ పడింది.

తనిఖీ అధికారి. వెనకాలే మా ప్రధానోపాధ్యాయులు.

‘ఏమిటమ్మా ఇది?’

27 మంది చూపులు ఆయన మీద నుంచి నా నోటి మీదకు మళ్లాయి. ఇక్కడ నా గొంతు గురించి ఒక మాట చెప్పాలి. పోయిన ఆగస్టు 15న నేను దేశభక్తి గీతం అందుకుంటే, మైకు అబ్బాయి ఎవరూ చెప్పకుండానే శబ్దం తగ్గించాడు. అందుకని నమస్కారం పెట్టాను. నమస్కారానికి చప్పుడు ఉండదు.

‘సహిత విద్య కృత్యమా?’ తల ఊపాను. ‘దివ్యాంగుల హక్కుల చట్టం ఎప్పుడు వచ్చింది?’ పిల్లలు ఏం చేస్తున్నారో చూడకుండా చట్టం తేదీ అడగడం వీరికి ఎక్కడ నేర్పుతారో! రెండు వేళ్లు చూపాను, తర్వాత పిడికిలి, తర్వాత ఒక వేలు, తర్వాత ఆరు. పిడికిలి అంటే సున్నా అని నా ఉద్దేశం. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు.

‘ఈవిడకు మాటలు రావా?’

‘నిన్న స్టాఫ్ మీటింగులో ఆపలేకపోయామండీ’ అన్నారు ప్రధానోపాధ్యాయులు. ఆ మాట ఎన్నాళ్ల నుంచి దాచుకున్నారో.

‘అందులో వైకల్యాలు ఎన్ని రకాలు?’ రెండు చేతులూ తెరిచాను, మూశాను, మళ్లీ తెరిచాను, ఆపైన ఒక వేలు. 21. పాత 1995 చట్టంలో ఏడే ఉండేవి. అదే అడిగి ఉంటే నా భుజాలకు ఇంత పని ఉండేది కాదు.

మూడో ప్రశ్నకు ఆయన నోరు తెరిచారు. కెప్టెన్ వరుసలోంచి వచ్చి ఎదురుగా నిలబడి, పెదవుల మీద వేలు పెట్టుకుని, కనుబొమలు ముడిచి చూసింది. ఉద్యోగంలో చేరాక ఆయనను ఎవరూ అలా చూసి ఉండరు. తెరిచిన నోరు అలాగే మూశారు. ఈలోగా అబ్బాయి వెళ్లి ఆయన అరచెయ్యి అందుకుని మూడుసార్లు తట్టాడు. అంటే తనది మార్చి, మరి మీది? అధికారిగారు ప్రధానోపాధ్యాయుల వంక చూశారు, పైకప్పు వంక చూశారు, ఎవరూ ఆదుకోకపోయేసరికి నెమ్మదిగా ఎనిమిది వేళ్లు ఎత్తారు. కెప్టెన్ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆగస్టులో నిలబెట్టింది.

వరుస పూర్తయింది. పిల్లలు చేతులు పైకెత్తి గాలిలో ఊపారు. వినపడనివాళ్ల చప్పట్లు అలాగే ఉంటాయని నేనే నేర్పాను. ఆయనకు నేర్పలేదు. టాటా చెబుతున్నారనుకుని, తిరిగి చెయ్యి ఊపి, వెళ్లిపోయారు.

తనిఖీ పుస్తకంలో రాసింది మధ్యాహ్నం చూశాను: ‘తరగతి నిశ్శబ్దంగా ఉంది. క్రమశిక్షణ బాగుంది. కృత్యాలు చేయించవలెను.’

కానీ అది తర్వాతి సంగతి. ఆయన గుమ్మం దాటగానే ఎవరికీ వినబడనంత మెల్లగా ‘అమ్మయ్య’ అనుకున్నాను. కెప్టెన్‌కు వినబడనక్కర్లేదు, పెదవులు చదువుతుంది. వేలెత్తి నన్ను చూపింది.

రాత్రి తొమ్మిదైంది. ఏ పాటో ఇంకా తేలలేదు.